ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా: టోకు సరుకు ఆయుష్షును లెక్కగట్టడం

తెలుగు నేల మీద వసంత రుతువు పంచాంగం ప్రకారం చైత్ర, వైశాఖ మాసాలదే అయినా, కూరగాయల యార్డులో రుతువు మారుతున్న సంగతి ఫాల్గుణం మొదట్లోనే, అంటే ఫిబ్రవరి ద్వితీయార్ధంలోనే తెలిసిపోతుంది; ఆ మార్పు మామిడి రాక ఊపందుకునే ఏప్రిల్ చివరి దాకా సాగుతుంది. ఈ రెండున్నర నెలల్లో చలికాలపు పంటలు ఆఖరి కోతకు, వేసవి పంటలు తొలి కోతకు వస్తాయి, పగటి ఎండ 30 డిగ్రీల దగ్గర మొదలై 40 డిగ్రీల వైపు ఎక్కుతుంది. పంటలు మారడం వల్ల ధర మారుతుంది, ఎండ ముదరడం వల్ల సరుకు ఎన్ని గంటలు నిలుస్తుందన్నది మారుతుంది. చిరు వ్యాపారులు, మెస్సులు నడిపేవారు, కర్రీ పాయింట్ల యజమానులు ధరను రూపాయి పైసలతో సహా గుర్తుపెట్టుకుంటారు గానీ, ఎండ సరుకు నుంచి లాక్కునే గంటలను చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ నెలల్లో వారికి వచ్చే నష్టంలో పెద్ద భాగం ఈ అలవాటు వల్ల వచ్చేదే.

సరుకు ఆయుష్షు అంటే, కోసిన గంట నుంచి అది గిరాకీదారుడి ముందు పెట్టడానికి పనికొచ్చే ఆఖరి గంట దాకా ఉండే కాలం. టోకు కొనుగోలుదారుడు యార్డులో డబ్బు చెల్లించేది ఆ ఆయుష్షులో ఇంకా మిగిలి ఉన్న భాగానికే తప్ప కాటా మీద కనిపించే కిలోలకు కాదు. జనవరిలో ఈ రెంటికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి పొరపాటు పడినా చెల్లిపోతుంది, మార్చిలో చెల్లదు.

సరుకు వచ్చే దారి మారే నెలలు

హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి యార్డుకు చలికాలమంతా టమాటా ఎక్కువగా చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ పరిసరాల నుంచి వస్తుంది. సాయంత్రం కోసిన కాయ తెల్లవారేసరికి యార్డులో దిగుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడని రోజులు మొదలైతే టమాటా పూత రాలిపోతుంది, కాయ కట్టడం తగ్గుతుంది. అందువల్ల మార్చి గడిచేకొద్దీ స్థానిక పంట సన్నగిల్లి, సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండి కాస్త చల్లగా ఉండే మదనపల్లె నుంచి, దానికి ఆవల కర్ణాటకలోని కోలార్, చింతామణి ప్రాంతాల నుంచి లారీలు రావడం మొదలవుతుంది. ఈ సరుకు దాదాపు 500 కిలోమీటర్లు, అంతకు మించి కూడా ప్రయాణం చేసి వస్తుంది గనుక రైతు దాన్ని పచ్చిగానో దోరగానో ఉండగానే కోస్తాడు. యార్డులో పక్కపక్కన ఒకే ధర పలుకుతున్న రెండు క్రేట్లలో ఒకటి నిన్న సాయంత్రం చేవెళ్ల దగ్గర ఎర్రగా పండాక కోసినదీ, రెండవది మొన్న మదనపల్లె వైపు దోరగా కోసినదీ అయితే, కోసి ఒక్కరోజు ఎక్కువైనా రెండవదానికే ఎక్కువ ఆయుష్షు మిగిలి ఉండవచ్చు. కొత్తగా వ్యాపారంలోకి దిగినవారు రంగును చూసి మొదటిదాన్ని తీసుకుంటారు. అనుభవజ్ఞులు మాత్రం సరుకు ఏ ఊరిదో, ఎప్పుడు కోసిందో అడిగిన తరువాతే ధర అడుగుతారు.

ఉల్లిలోనూ మార్చి నెల ఇలాంటి సంధి కాలమే. దేశంలో పండే ఉల్లిలో దాదాపు 70 శాతం రబీ పంట, అది మార్చి నుంచి మే దాకా తవ్వకానికి వస్తుంది. మహారాష్ట్రలోని లాసల్‌గావ్ వంటి మార్కెట్ల ధర దేశమంతటి ధరకు కొలమానం. అయితే మార్చిలో యార్డులో రెండు రకాల ఉల్లి కలిసి ఉంటుంది. అంతకు ముందు పంట తాలూకు ముదురు ఎరుపు గడ్డలో తేమ ఎక్కువ, మెడ భాగం మందంగా, నొక్కితే మెత్తగా ఉంటుంది, అది రెండు మూడు వారాలకు మించి నమ్మదగినది కాదు. రబీ గడ్డ లేత ఎరుపులో, మెడ సన్నగా ఎండిపోయి, పైపొర గలగలలాడుతూ ఉంటుంది, గాలి ఆడే చోట పెడితే నెలల తరబడి నిలుస్తుంది. నిల్వ కోసం కొనేవారు ధర కంటే ముందు మెడను నొక్కి చూడాలి. ఇక ఉల్లి ధరకు ఢిల్లీ ఉత్తర్వులతో ఉన్న ముడి ఈ పుస్తకం చదివేవారికి కొత్తేమీ కాదు: 2023 డిసెంబరులో విధించిన ఎగుమతి నిషేధాన్ని 2024 మే నెలలో ఎత్తివేసేదాకా ఆ రబీ పంట ధర పొలంలో కన్నా ఆ ఉత్తర్వుల్లోనే ఎక్కువగా నిర్ణయమైంది.

బంగాళాదుంప సంగతి కొంత సులువు. ఆగ్రా వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన దుంప అప్పుడే కోల్డ్ స్టోరేజీలలోకి వెళుతుంది, కాబట్టి వసంతంలో దొరికేది చాలావరకు కొత్త దుంపే. చాలా చల్లగా నిల్వ చేసిన దుంపలో పిండి పదార్థం కొంత చక్కెరగా మారి, వేపుడు నల్లబడుతుంది గనుక, చిప్స్ వేయించి అమ్మేవారికి ఏడాదిలో అనువైన కాలం ఇదే. మునగకాడ ఈ నెలల్లో విరగకాస్తుంది, చలికాలంలో చుక్కలు చూపించిన ధర దిగివస్తుంది. నిమ్మది దానికి సరిగ్గా ఎదురు కథ. నెల్లూరు వైపు గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచీ, తెనాలి నుంచీ దేశమంతటికీ వెళ్లే నిమ్మ చెట్టుకు ప్రధాన కాపు వానాకాలంలో వస్తుంది, వేసవి కాపు తక్కువ, కానీ గిరాకీ అంతా ఎండల్లోనే. ఆ వేసవి కాపు కూడా దెబ్బతిన్న 2022 ఏప్రిల్‌లో చాలా నగరాల్లో చిల్లర ధర కిలోకు 200 రూపాయలు దాటింది. సోడా బండి, జ్యూస్ దుకాణం నడిపేవారు నిమ్మ ధర పెరుగుతుందా అని ఎదురుచూడనక్కరలేదు, పెరుగుతుందనే లెక్కతోనే ఫిబ్రవరిలో తమ గ్లాసు ధరను నిర్ణయించుకోవాలి.

ధర ఏ రోజు ఎందుకు కదులుతుంది

యార్డు ధరను అర్థం చేసుకోవడానికి రెండు మాటలు తెలిసి ఉండాలి. ఒక రోజు యార్డుకు చేరిన మొత్తం సరుకును "రాక" అంటారు. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడయిందో దాన్ని "మోడల్ ధర" అంటారు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైటులో ప్రతి మార్కెట్‌కూ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాలు లెక్కన ఉంటాయి. పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కేది సాధారణంగా గరిష్ఠ ధర, కానీ అది ఆ రోజు వచ్చిన మేలైన కొద్దిపాటి సరుకు ధర మాత్రమే. వరుసగా పది రోజుల పాటు రాకనూ మోడల్ ధరనూ పక్కపక్కన రాసుకున్న వ్యక్తికి, రాక పెరిగిన మర్నాడు ధర ఎంత దిగుతుందో, ఆదివారం సెలవు తరువాత సోమవారం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇందుకు రోజుకు ఐదు నిమిషాలు, ఒక నోటు పుస్తకం చాలు.

వసంతంలో గిరాకీని కదిలించేది ముఖ్యంగా పంచాంగం. ఉగాదికి ముందు మూడు రోజులు మామిడికాయ, అరటిపండు, వేపపువ్వు, శ్రీరామనవమికి వడపప్పులో కలిపే కీర దోస, పానకంలోకి నిమ్మ గిరాకీ ముందే తెలిసినవి. వీటికంటే లోతుగా పనిచేసేది ముహూర్తాల జాబితా. మంచి ముహూర్తాలు వరుసగా ఉన్న వారంలో వంకాయ, మునగ, అరటి ఆకు, కొత్తిమీర ధరలు రాకతో సంబంధం లేకుండా పెరుగుతాయి, మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోతే అదే సరుకు యార్డులో మిగిలిపోతుంది. ఇక హైదరాబాద్‌లో రంజాన్ మాసం పండ్ల ధరను నిర్ణయించే శక్తి. చాంద్రమానం ప్రకారం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరిగే ఈ మాసం 2024లో మార్చి రెండవ వారంలో, 2025లో మార్చి మొదట్లో ప్రారంభమైంది. పుచ్చకాయ, బొప్పాయి, అరటి పంటల కాలం, ఉపవాస మాసం ఇలా కలిసినప్పుడు రాక పెరిగినా ధర దిగదు. కొనేముందు గోడమీది పంచాంగాన్ని, ఉపవాసాల తేదీలను చూసుకోవడం మూఢనమ్మకం కాదు, గిరాకీ అంచనాకు ఇంతకంటే చవకైన సాధనం లేదు.

ఎండ చేసే పని

కోసిన తరువాత కూడా కాయ, ఆకు శ్వాసిస్తూనే ఉంటాయి, అంటే తమలోని చక్కెరను ఖర్చు చేసుకుంటూ వేడినీ తేమనూ బయటికి వదులుతూనే ఉంటాయి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ వేగం సుమారు రెండు నుంచి మూడింతలవుతుంది. జనవరి రాత్రి లారీలో మూడు రోజులు నిలిచే సరుకు ఏప్రిల్ మధ్యాహ్నం ఆటోలో ఒక పూటకే సొమ్మసిల్లడానికి కారణం ఇదే. లూథియానాలోని కేంద్ర పంటకోత అనంతర సాంకేతిక సంస్థ 2015లో వెలువరించిన అధ్యయనం, పొలం నుంచి వినియోగదారుడి దాకా టమాటాలో 12 శాతానికి పైగా, మామిడిలో 9 శాతానికి పైగా నష్టపోతున్నట్టు లెక్కగట్టింది. ఇవి దేశం మొత్తానికీ ఏడాది పొడుగునా సగటు అంకెలు, వసంతాంతంలో కప్పు లేని బండి మీద నష్టం ఇంతకంటే తక్కువ ఉంటుందని ఆశించడానికి ఆధారం లేదు. బోయిన్‌పల్లి యార్డులో కూరగాయల వ్యర్థాలతో విద్యుత్తు తయారుచేసే ప్లాంటును రోజుకు 10 టన్నుల కోసం నిర్మించారన్న సంగతి, ఒక్క యార్డులోనే ఎంత శ్రమ చెత్తకుప్ప దాకా వెళుతోందో చూపిస్తుంది. మంచి ప్లాంటే, కానీ అందులోకి వెళ్లే ప్రతి టమాటాకూ ఎవరో నీళ్లు కట్టారు.

కాబట్టి క్రేటును చూసే పద్ధతి నేర్చుకోవాలి. సాధారణంగా టమాటా క్రేటులో పైవరుస ఎంపిక చేసి పేర్చినది. చూడవలసింది అడుగు వరుస. రెండు చేతులతో పైకాయలను పక్కకు జరిపి అరచేయి లోపలికి పోనిస్తే, అడుగున తడి తగిలితే కాయలు చితికి రసం కారుతున్నాయని, లోపలి గాలి వేడిగా ఉంటే పొలంలోని వేడి ఇంకా దిగలేదని అర్థం. తొడిమ చుట్టూ సన్నని పగుళ్లుంటే ఆ కాయ ఎండకు రెండో రోజే నీరు కారుతుంది, తొడిమ గుంటలో నల్లని మచ్చ ఉంటే అది పక్క కాయలకూ పాకుతుంది. మేలైన క్రేటులో కాయలన్నీ ఒకే రంగులో ఉండనక్కరలేదు, నిజానికి మూడో వంతు దోరగా ఉండడమే చిల్లర వ్యాపారికి లాభం, ఎందుకంటే ఆ కాయలు ఎల్లుండి అమ్మకానికి సిద్ధమవుతాయి. బెండకాయ కొన విరిస్తే టక్కున విరగాలి. వంకాయపై సూది మొనంత రంధ్రమున్నా లోపల పురుగు ఉన్నట్టే. కొత్తిమీర, పాలకూర కట్టలను విప్పి మధ్యన చూడాలి, పైన నీళ్లు చల్లి నిగనిగలాడించిన కట్ట నడుమ ఆకు పసుపుబారి జిగురుగా ఉంటే ఆ నీళ్లే దాన్ని కుళ్లబెడుతున్నాయని గ్రహించాలి.

మామిడి విషయంలో చూపు ఇంకా పదునుగా ఉండాలి. విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు గానీ, హైదరాబాద్ శివారు బాటసింగారం మార్కెట్టుకు గానీ బంగినపల్లి నిండుగా వచ్చేది ఏప్రిల్‌లో. మార్చి మొదట్లో పసుపుపచ్చగా మెరుస్తూ కనిపించే కాయలో ఎక్కువ భాగం ముదరక ముందే కోసి రంగు రప్పించినదే అయి ఉంటుంది. ముదిరిన కాయకు తొడిమ దగ్గర గుంట పడి, రెండు భుజాలు తొడిమ కంటే పైకి లేస్తాయి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. తేలిన కాయ లేతది. లాటు కొనేముందు ఒక కాయను టెంక దాకా కోసి చూడడం అమ్మకందారుడికి అవమానమేమీ కాదు, టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ పసుపుబారి ఉంటే చాలు. కాయను మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకాన్ని దేశంలో నిషేధించారు. తేమ తగలగానే అది వదిలే ఎసిటిలీన్ వాయువుతో పాటు ఆర్సెనిక్, భాస్వరం జాడలు పండును చేరే ప్రమాదం ఉండడమే అందుకు కారణం. దానికి బదులు, పండు తనంతట తాను విడుదల చేసే ఎథిలీన్ వాయువునే, గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు మించకుండా, మూసిన గదుల్లో వాడడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతిస్తుంది. కాయల మధ్య పొట్లాలు కనిపించినా, తొక్క అంతా ఒకే పసుపు రంగులో ఉండి తొడిమ దగ్గర వాసన లేకపోయినా, ఆ లాటు ఎంత చవకైనా వదిలేయాలి. ఆ పండు తినేది పిల్లలు.

దుకాణం చేరిన తరువాత జరిగే పొరపాట్లలో ముఖ్యమైనది అన్నింటినీ ఒకే ఫ్రిజ్‌లో పెట్టడం. క్యారెట్, క్యాబేజీ, ఆకుకూరలకు గడ్డకట్టనంత వరకు చల్లదనం ఎంత ఎక్కువైతే అంత మేలు. అరటి 13 డిగ్రీల కంటే చల్లబడితే తొక్క నల్లబడుతుంది, దోర టమాటా, పచ్చి మామిడి చలికి దెబ్బతింటే సరిగా పండవు. మాగుతున్న మామిడి, అరటి విడిచే ఎథిలీన్ వల్ల పక్కనున్న ఆకుకూర, కీర దోస పసుపుబారుతాయి, కాబట్టి వాటిని వేరే గదిలో ఉంచాలి. ఫ్రిజ్ కొనలేనివారికి భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన "జీరో ఎనర్జీ కూల్ చాంబర్" ఉంది. ఒకదాని లోపల ఒకటిగా రెండు ఇటుక గోడలు కట్టి, వాటి నడుమ సుమారు 7.5 సెంటీమీటర్ల సందులో ఇసుక నింపి, ఉదయం సాయంత్రం నీళ్లు పోసి, పైన తడి గోనె కప్పితే, నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఎండాకాలంలో ఈ గది బయటికంటే 10 డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఇది అంత బాగా పనిచేస్తుంది గనుక తెలంగాణ, రాయలసీమ వసంతానికి దీనికి మించినది లేదు. కరెంటు బిల్లు లేదు, కావలసింది రోజూ మరచిపోకుండా నీళ్లు పోసే క్రమశిక్షణ ఒక్కటే.

అమ్మిన కిలో ధర

యార్డు ధరకు కూలీ, ఆటో కిరాయి కలిపి, ఆ మొత్తాన్ని చివరికి అమ్ముడుపోయిన కిలోలతో భాగిస్తే వచ్చేది "నికర ధర". ఒక ఊహా లెక్కతో చూస్తే, 25 కిలోల టమాటా క్రేటు 300 రూపాయలకు ఒకటి, 360కి మరొకటి ఉన్నాయనుకుందాం, ఒక్కొక్కదానికి హమాలీ, ఆటో ఖర్చు 40 రూపాయలు. చవక క్రేటు పూర్తిగా పండినది కావడంతో రెండు రోజుల ఎండకు 6 కిలోలు పాడైతే, 340 రూపాయలను 19 కిలోలతో భాగించాలి, కిలోకు దాదాపు 17 రూపాయల 90 పైసలు పడుతుంది. రెండవదానిలో ఒక్క కిలోనే పోతే 400 రూపాయలను 24తో భాగించాలి, కిలో 16 రూపాయల 70 పైసల లోపే. యార్డులో 60 రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నవాడికే సరుకు చవకగా పడింది. ఇదే లెక్కను జనవరిలో వేస్తే ఫలితం తిరగబడవచ్చు, ఎందుకంటే చలిలో ఆ 6 కిలోలు పాడుకావు. అందువల్ల పాడైన సరుకును చెత్తబుట్టలో వేసేముందు తూకం వేసి రాసుకోవడం ఈ అధ్యాయంలోని అన్ని సూచనల్లోకీ ముఖ్యమైనది. చాలామంది ఆ తూకం వేయడానికి మనసొప్పక వెంటనే పారేస్తారు, దానితో పాటు పాఠాన్నీ పారేస్తారు. ఒక్క మార్చి నెల ఈ పద్దు రాసిన వ్యక్తి ఏప్రిల్‌లో రెండు రోజుల సరుకు ఒకేసారి కొనడం మానేసి, రోజూ కొనడం మొదలుపెడతాడు.

రైతుతో లెక్క

ధర పడిపోయిన రోజు కొనుగోలుదారుడి నడత ఎలా ఉంటుందన్నది కూడా ఈ విద్యలో భాగమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్థానిక టమాటా ఒక్కసారిగా వచ్చిపడి, కోత కూలి కూడా రాని ధరకు దిగజారిన సంవత్సరాలున్నాయి, రైతులు క్రేట్లను రోడ్డు పక్కన పారబోసి వెళ్లిన దృశ్యాలు తెలుగు జిల్లాల్లో అందరూ చూసినవే. అలా నష్టపోయిన రైతు తరువాతి నాటులో విస్తీర్ణం తగ్గిస్తాడు. 2023 జూలైలో అనేక నగరాల్లో కిలో టమాటా 200 రూపాయలు దాటడానికి వానలు, తెగుళ్లతో పాటు, అంతకుముందు నెలల్లో గిట్టుబాటు కాక రైతులు పంటను వదిలేయడం కూడా ఒక కారణం. "తరుగు" అని, కొన్నిచోట్ల "సూట్" అని, క్వింటాలుకు ఇన్ని కిలోలు అదనంగా తీసుకునే ఆచారం ధర పడిన రోజుల్లో మరీ విచ్చలవిడిగా సాగుతుంది. నాసి సరుకైతే ధర తగ్గించి కొనాలి గానీ తూకం తగ్గించకూడదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు రైతును నేరుగా కొనుగోలుదారుడి ముందు నిలబెట్టాయి, టోకు కొనేవారు కూడా సంవత్సరానికి ఇద్దరు ముగ్గురు రైతులతో అలాంటి నేరు పరిచయం పెంచుకోవచ్చు.

ఈ అధ్యాయం చదివిన చిరు వ్యాపారి వచ్చే ఫాల్గుణంలో చేయవలసిన మొదటి పని చేవెళ్ల వైపో, తమ ఊరి చుట్టుపక్కలో ఒక టమాటా రైతును వెతికి, సరుకు కాటా మీదికి ఎక్కగానే తూకం చీటీ రాసిచ్చి, ఆ పూటే డబ్బు చేతిలో పెట్టి, ఫోను నంబరు రాసుకోవడం. జూన్‌లో యార్డులో సరుకు కరవైన రోజున ఆ నంబరు అవసరమవుతుంది.